చేతికి కర్ర, రాతకి రిఫిల్

పోయిన ఏడాది ప్రీ ఫైనల్స్ అయ్యాక జరిగిన పేరెంట్స్ మీటింగ్‌లో సోషల్ మేడమ్ మా అమ్మాయి ఆన్సర్ షీటు తీసి నా ముందు పెట్టారు. "ఈ పిల్లకి సమాధానాలన్నీ తెలుసండీ. కానీ చూడండి, ఎలా రాసిందో" అన్నారు. చూశాను. మొదటి పేజీ బాగానే ఉంది. రెండో పేజీ నుంచి అక్షరాలు విరిగిపోయాయి. మాట మధ్యలో సిరా లేదు. ఉన్నచోట ఒకే మాట మీద రెండు మూడుసార్లు దిద్దిన గీతలు. నాలుగో పేజీలో ఒత్తిడికి కాగితం చిరిగింది కూడా. చివరి ప్రశ్న సగంలో ఆగిపోయింది.

ఇంటికొచ్చే దారిలో బండి మీద ఆ పిల్లని అన్న మాటలు ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. శ్రద్ధ లేదన్నాను. ఫోను చూసి చూసి వేళ్ళకి రాయడం చేతకాకుండా పోయిందన్నాను. పదో తరగతి అనే భయమే లేదన్నాను. తను ఒక్క మాట ఎదురు చెప్పలేదు.

నాలుగు రోజుల తర్వాత ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం పెట్టాల్సి వచ్చి, తన బల్ల మీదున్న పెన్ను తీసుకున్నాను. నేను బ్యాంకు ఉద్యోగిని. రోజుకి వంద సంతకాలు పెట్టే చెయ్యి ఇది. మొదటి అక్షరం పడింది, రెండోది పడలేదు. గట్టిగా ఒత్తితే కాగితం మీద గాడి పడింది కానీ సిరా రాలేదు. మళ్ళీ దిద్దాను. నా సంతకం అచ్చం ఆ ఆన్సర్ షీటులా తయారైంది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"చెబితే తాతయ్య బాధపడతారు కదా నాన్నా."

ఆ పెన్ను గురించి చెప్పాలి. తణుకు దగ్గర మా ఊళ్ళో పాత పెంకుటిల్లు విప్పేసినప్పుడు మా నాన్నగారు వీధి గుమ్మం టేకు చెక్కలో ఒక ముక్క దాచుకున్నారు. మనవరాలు పదో తరగతికి వచ్చిందని, లేత్ మిషన్ ఉన్న ఒక వడ్రంగి దగ్గరకి వెళ్ళి ఆ ముక్కతో పెన్ను చేయించారు. అరవై ఏళ్ళ పైబడి ఎండి ఆరిన టేకు. పట్టుకుంటే వెచ్చగా ఉంటుంది, గీతలు గీతలుగా చెక్క పొరలు కనిపిస్తాయి. "దీంతోనే పరీక్షలు రాయి బంగారం" అని ఇచ్చారు. పిల్ల ఆ మాట నిలబెట్టుకుంది. అదీ జరిగింది.

తప్పు వడ్రంగిది కాదు. చెక్కపని ఎంత శుభ్రంగా ఉందంటే, లోపలి ఇత్తడి గొట్టానికీ చెక్కకీ మధ్య సందు ఇప్పటికీ కనిపించదు. తప్పు పెన్ను కొనేవాళ్ళం, చేయించేవాళ్ళం అందరం చేసేదే. చెక్క చూశాం, పాలిష్ చూశాం, పేరు చెక్కించాం. లోపల ఏ రిఫిల్ ఉందో ఎవరం అడగలేదు. నా మాట వింటే, ఇక మీదట ముందు రిఫిల్ గురించి అడగండి, తర్వాతే చెక్క గురించి. ఎందుకంటే రాసేది చెక్క కాదు.

బాల్‌పెన్ మొనలో ఉండేది ఒక గుండు. మామూలుగా అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు దాకా ఉంటుంది. చాలావరకు టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేస్తారు. మన తరం వాళ్ళకి గుర్తుండే ఉంటుంది, తెల్ల ఒళ్ళు, నీలం మూత రెనాల్డ్స్ పెన్ను మీద '045 ఫైన్ కార్బ్యూర్' అని రాసి ఉండేది. ఆ కార్బ్యూర్ అంటే ఫ్రెంచిలో కార్బైడే. పదేళ్ళు చేతిలో పెట్టుకుని తిరిగాం, ఆ మాటకి అర్థం ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ గుండు ఒక లోహపు గూట్లో కూర్చుంటుంది. గూటి అంచుని లోపలికి నొక్కి గుండు జారిపోకుండా చేస్తారు. గుండు తిరగాలి, ఊడిపోకూడదు. సిరా రావాలి, కారకూడదు. ఈ రెంటికీ మధ్య ఉండే సందు వెంట్రుక కన్నా సన్నం.

ఈ మొన చెయ్యడం ఎంత కష్టమో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. ప్రపంచంలో అన్ని దేశాల కన్నా ఎక్కువ బాల్‌పెన్నులు తయారుచేసే చైనా, ఆ మొనకి కావలసిన ఉక్కుని చాలాకాలం బయటి దేశాల నుంచి తెచ్చుకునేది. మా దేశం నునుపుగా రాసే పెన్ను మొన కూడా చేసుకోలేకపోతోందని 2016 ఆరంభంలో ఆ దేశ ప్రధాని లీ కచియాంగ్ బహిరంగంగానే వాపోయారు. తైయువాన్ ఉక్కు కర్మాగారం ఆ ఉక్కుని చేసి చూపించింది 2017 జనవరిలో. రాకెట్లు పంపిన దేశానికే అంత కాలం పట్టింది.

సిరా కథ ఇంకా పాతది. 1888లోనే జాన్ లౌడ్ అనే అమెరికన్ గుండు మొన పెన్నుకి పేటెంటు తీసుకున్నాడు. తోలు మీద గుర్తులు పెట్టడానికి పనికొచ్చింది కానీ కాగితం మీద కుదరలేదు. గుండు ఒక్కటే చాలదు, సిరా కూడా కుదరాలి. హంగరీలో పాత్రికేయుడైన లాస్లో బీరో, పత్రికలు అచ్చువేసే సిరా త్వరగా ఆరిపోవడం చూసి, దాన్ని పెన్నులోకి తేవాలనుకున్నాడు. అది చిక్కన, ఫౌంటెన్ పెన్ను పాళీలోంచి దిగదు. అందుకే గుండు. సోదరుడు గ్యోర్గీ రసాయనశాస్త్రం తెలిసినవాడు, సిరా కలపడం అతని వంతు. 1938లో మొదటి పేటెంటు, ఆ తర్వాత అర్జెంటీనాకి వలస వెళ్ళి 1943లో అక్కడ మరో పేటెంటు. ఇప్పటికీ అర్జెంటీనాలో బీరో పుట్టినరోజు సెప్టెంబరు 29ని ఆవిష్కర్తల దినంగా జరుపుకుంటారు.

1945 అక్టోబరులో న్యూయార్క్‌లో మిల్టన్ రెనాల్డ్స్ అనే వ్యాపారి బాల్‌పెన్నుని 12.50 డాలర్లకి అమ్మితే జనం షాపు ముందు ఎగబడ్డారు. కొన్నాళ్ళకే ఫిర్యాదులు మొదలయ్యాయి. కారుతోందని కొందరు, రాయడం లేదని కొందరు. పైకి మాత్రం పెన్ను ధగధగలాడేది. మా ఇంటి టేకు పెన్ను సంగతి డెబ్బై ఐదేళ్ళకి పైగా ముందే న్యూయార్క్‌లో జరిగిపోయిందన్నమాట. నమ్మకంగా రాసే చవక పెన్ను రావడానికి 1950లో ఫ్రాన్స్‌లో మార్సెల్ బిక్ తెచ్చిన బిక్ క్రిస్టల్ దాకా ఆగాల్సి వచ్చింది.

ఇంతకీ ఆ సిరా ఎలా పనిచేస్తుంది? అది నీళ్ళ సిరా కాదు. నూనెలాంటి ద్రావకాల్లో రంగు, రెజిన్ కలిపిన ముద్ద. తేనెలా చిక్కగా ఉంటుంది. గుండు తిరిగినప్పుడు ఒక పక్క సిరా పూసుకుని, రెండో పక్క కాగితానికి అంటిస్తుంది. వెనక ఉన్న సిరా తన బరువుతోనే కిందికి దిగుతూ ఉండాలి. అందుకే మంచం మీద వెల్లకిలా పడుకుని, పుస్తకం పైకెత్తి హోంవర్క్ రాసే పిల్లల పెన్నులు ఆగిపోతాయి. మొన పైకి ఉంటే సిరా వెనక్కి జారి గుండు దగ్గర గాలి చేరుతుంది. ఆ తర్వాత మామూలుగా కూర్చుని రాసినా కాసేపు తెగుతూనే ఉంటుంది.

ఆగిపోయిన పెన్నుని అరచేతుల మధ్య గబగబా రుద్దేవాళ్ళం గుర్తుందా? అది మూఢనమ్మకం కాదు. వేడికి సిరా కొంచెం పలచబడుతుంది. అగ్గిపుల్లతో మొన కాల్చే వీరులు కూడా మా క్లాసులో ఉండేవారు. అది మాత్రం మీ పిల్లలకి నేర్పకండి, ప్లాస్టిక్ కరిగి చెయ్యి కాలుతుంది. అదే వేడి ఎక్కువైతే కష్టం. మే నెల ఎండలో కారు డాష్‌బోర్డు మీద వదిలేసిన పెన్ను చొక్కా జేబుని ఏం చేస్తుందో మీలో సగం మందికి అనుభవమే.

ఇంకో శత్రువు నూనె. తలకి కొబ్బరినూనె రాసుకున్న చెయ్యి, చెమట పట్టిన అరచెయ్యి కాగితం మీద ఆనితే, ఆ చోట గుండు తిరగకుండా జారుతుంది. తిరగని గుండు సిరా ఇవ్వదు. చెయ్యి కింద ఒక కాగితం ముక్క పెట్టుకుని రాయమని పాత మాస్టార్లు చెప్పేది ఇందుకే. పెన్ను సిమెంటు నేల మీద మొన కిందికి పడిందంటే, గూటి అంచు నొక్కుకుపోయి ఉండొచ్చు. దానికి మందు లేదు, రిఫిల్ మార్చడమే.

మా పెన్ను జబ్బు ఇవేవీ కాదు. చెక్క పెన్నులు చేసేవాళ్ళు చాలామంది పై చెక్కనే తాము తీస్తారు. లోపలి గొట్టం, తిప్పే మర, మొన, క్లిప్పు అన్నీ ఒక కిట్‌గా దొరుకుతాయి. చెక్కకి నిలువునా చిల్లు వేసి, ఇత్తడి గొట్టం జిగురుతో అతికి, లేత్ మీద తిప్పుతూ ఉలితో నునుపు చేసి, గరుకు కాగితం పట్టి, మెరుపు పూసి, చివర్లో ఆ భాగాలు నొక్కి బిగిస్తారు. కిట్‌తో పాటు ఒక రిఫిల్ కూడా వస్తుంది. అది గోడౌన్లో ఎన్నేళ్ళు ఉందో దేవుడికే తెలియాలి. మొన దగ్గర సిరా గట్టిపడి ఉంటుంది. మాకొచ్చింది అలాంటిదే. పోనీ మారుద్దామంటే, సన్నటి పెన్నుల కిట్‌లలో ఎక్కువగా పట్టేది వెనక మర ఉన్న సన్న రిఫిల్, క్రాస్ కంపెనీ పెన్నుల రకం. మా వీధి చివర స్టేషనరీ షాపులో అడిగితే, ఆ అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది రాదు సార్, కొత్త పెన్ను తీసుకోండి" అన్నాడు. మూడు షాపుల్లో అదే మాట.

అందుకే చెబుతున్నాను. చెక్క పెన్ను కొనేటప్పుడు, చేయించేటప్పుడు, పార్కర్ రకం రిఫిల్ పట్టే పెన్ను అడగండి. దాదాపు 98 మిల్లీమీటర్ల పొడవు, వెనక గాళ్ళు గాళ్ళుగా ఉంటుంది. ఐఎస్ఓ 12757 అనే అంతర్జాతీయ ప్రమాణంలో దాన్ని జీ2 అంటారు. షాపులో మాత్రం జీ2 అనకండి, అదే పేరుతో పైలట్ వాళ్ళ జెల్ పెన్ను ఒకటి ఉంది, అది చేతిలో పెడతారు. ఈ కొలతలో చాలా కంపెనీలు రిఫిల్స్ చేస్తాయి కాబట్టి ఒకటి నచ్చకపోతే ఇంకోటి వేసుకోవచ్చు. మామూలు బాల్ సిరా వద్దనుకుంటే జెల్ ఉంది. ఇంకా తేలిగ్గా జారే, పలచన చేసిన నూనె సిరా కూడా ఉంది. జపాన్ యూని కంపెనీ 2006లో జెట్‌స్ట్రీమ్ పేరుతో తెచ్చాక ఆ రకానికి బాగా పేరొచ్చింది. గట్టిగా ఒత్తి రాసి వేళ్ళు నొప్పులంటూ ఏడ్చే పిల్లలకి ఈ సిరా నిజంగా సుఖం. గైడు, ట్యూషను అంటూ వేలు ఖర్చుపెడతాం. రోజుకి మూడు గంటలు చేతిలో ఉండే వస్తువు గురించి మూడు నిమిషాలు ఆలోచించం.

కొందరు తల్లిదండ్రులు నాతో వాదిస్తారని తెలుసు. అయిదు రూపాయల పెన్ను ఉండగా ఈ చెక్కల గోల ఎందుకూ అని. ఆ అయిదు రూపాయల పెన్నుకి నేను చేతులెత్తి నమస్కారం పెడతాను. ఆ గుండు, ఆ గూడు, ఆ సిరా అంత చవగ్గా, అన్ని లక్షల పెన్నుల్లో ఒకేలా రావడం మామూలు విషయం కాదు. పరీక్షకైతే పిల్ల చేతికి అలవాటైన అలాంటి పెన్ను తప్పకుండా పెట్టండి. చెక్కతో చేసింది కాబట్టి గొప్ప, ప్లాస్టిక్‌ది కాబట్టి తక్కువ అనే మాట నేను ఒప్పుకోను. మా అమ్మాయికి తగిలిన దెబ్బ ఆ భ్రమ వల్లే. కానీ ఒకటి గమనించండి. నెలకో డజను పెన్నులు కొనిచ్చే పిల్లలు ఒక్క పెన్నుని కూడా తమదిగా చూసుకోరు. మూత పోతే పెన్ను పోయినట్టే, సగం సిరా ఉండగానే బెంచీ కింద. రిఫిల్ మార్చుకునే పెన్ను ఒకటి ఉంటే, అది ఎక్కడుందో వాళ్ళకి తెలుసు. మా అమ్మాయి ఆ రాయని పెన్నుని కూడా రోజూ గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టింది.

మన స్కూల్ యాజమాన్యానికి కూడా ఒక మాట. యాన్యువల్ డే నాడు ఇచ్చే ప్లాస్టిక్ షీల్డులు మా ఇంట్లో ఆరున్నాయి, అన్నీ బీరువా మీదే. వాటి బదులు పెద్ద తరగతుల పిల్లలకి చేత్తో చేసిన చెక్క పెన్ను ఇస్తే బాగుంటుంది. లేత్ మీద కర్ర తీసే చేతులు మనకేం తక్కువ లేవు. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో మెత్తటి అంకుడు కర్రని తిప్పుతూ, రంగు కలిపిన లక్క పుల్లని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది. దాన్ని మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. 2017లో ఆ బొమ్మలకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెన్నుల సంగతికొస్తే, రాజమండ్రిలో కోసూరి వెంకటరత్నం గారు స్వదేశీ పిలుపు అందుకుని చేత్తో పెన్నులు చేస్తే, 1935లో గాంధీగారు మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు. అవి ఎబొనైట్ ఫౌంటెన్ పెన్నులు, చెక్కవి కావనుకోండి. అయినా తొంభై ఏళ్ళ తర్వాత కూడా జనం ఆ పేరు చెప్పుకుంటున్నారంటే అది పై మెరుపు వల్ల మాత్రమే అయ్యుండదు, రాసింది కాబట్టి.

ఇచ్చేటట్టయితే మాత్రం చేసేవాళ్ళతో ముందే మాట్లాడండి. ఏ రిఫిల్ పట్టాలో స్కూలే చెప్పాలి. అదనంగా ఒక రిఫిల్ డబ్బాలో పెట్టాలి, ఆ ఖర్చు చేసేవాళ్ళ మీద వెయ్యకుండా మనమే భరించాలి. చిన్న తరగతులకి వద్దు. ఇత్తడి గొట్టం వల్ల చెక్క పెన్ను బరువుగా ఉంటుంది, చిన్న వేళ్ళు త్వరగా అలసిపోతాయి. పైగా ఆ వయసులో నోట్లో పెట్టుకుంటారు. మామూలు బాల్‌పెన్ను మూతకి పైన చిల్లు ఉండేది, పొరపాటున గొంతులో ఇరుక్కున్నా గాలి ఆడటానికే. చేత్తో చేసిన మూతలకి ఆ చిల్లు ఉండకపోవచ్చు.

ఇక పరీక్షలకి పంపే ముందు పెన్నుని మీరూ ఒకసారి రాసి చూడండి. షాపులో ఇచ్చే చిన్న స్లిప్పు మీద సున్నాలు చుడితే ఏ పెన్నైనా రాస్తుంది. రాత్రంతా వదిలేసి, పొద్దున్నే మొదటి మాట పడుతుందో లేదో చూడాలి. ఆన్సర్ షీటు లాంటి కాగితం మీద ఒక నిండు పేజీ ఆగకుండా రాసి చూడాలి. నేను ఆ ఒక్క పేజీ రాసి ఉంటే, బండి మీద అన్ని మాటలు అనేవాణ్ణి కాదు.

తర్వాత ఏమైందంటారా? అసలు సంగతి నాన్నగారికి చెప్పక తప్పలేదు. భయపడినంతా ఏం జరగలేదు. "చెక్కది కాదు కదా తప్పు" అన్నారు ముందు. ఆ పెన్నుకి పట్టే మంచి సన్న రిఫిల్ ఆన్‌లైన్‌లో తెప్పించి వేశాం, ఇప్పుడు తెగకుండా రాస్తోంది. పబ్లిక్ పరీక్షలకి మా అమ్మాయి దాన్నీ తీసుకెళ్ళింది, రెండు అయిదు రూపాయల పెన్నులనీ తీసుకెళ్ళింది. దేంతో రాసిందని నేను అడగలేదు.

గుమ్మం చెక్కలో ఇంకా జానెడు ముక్క మిగిలింది. ఈ ఏడాది మా అబ్బాయి తొమ్మిదికి వచ్చాడు. నాన్నగారు మళ్ళీ ఆ వడ్రంగి దగ్గరకే వెళ్ళారు. ఈసారి చేతిలో చెక్కతో పాటు ఒక పార్కర్ రకం రిఫిల్ కూడా పట్టుకెళ్ళారు, దీనికి సరిపోయేలా చెయ్యమని. పెన్ను చేతికి రాగానే పాత డైరీ తీసి, పైన శ్రీ చుట్టి, పేజీ చివరిదాకా రాశారు. మరుసటి రోజు పొద్దున్నే కాఫీ కూడా తాగకుండా మళ్ళీ ఒక పేజీ రాసి, నాకు ఫోన్ చేశారు.

"బాగానే రాస్తోందిరా. ఇలాంటి రిఫిల్ ఇంకోటి కొని ఉంచావా?"